గుజరీ ఇనుముతో పురుగుల స్టాండు: ఏది కొనాలి, ఏది ముట్టుకోకూడదు



ఈసారి తోట గురించి కాదు, గుడ్ల గురించి కాదు, ఇనుము గురించి. రేష్మ రైతులు నలుగురు చేరిన చోట ఈ మాటే వినిపిస్తా ఉంది. షెడ్డు పెంచాల, తట్టలు ఎత్తి ఎత్తి ఆడోళ్ల నడుములు పోతున్నాయి, కొమ్మ మేతకు స్టాండ్లు చేయించాల అని అందరికీ ఉంది. వెల్డింగ్ అంగడికి పోయి రేటు అడిగేసరికి అడుగు ముందుకు పడదు. అట్లని పంట పంటకూ బొంగులు కట్టి, విప్పి, మళ్లీ కట్టుకుంటా పోతే, నాలుగో జ్వరం లేచిన పురుగుల బరువుకు నడిమధ్యలో ఒక అర జారిందంటే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

పాత ఇనుముతో స్టాండ్లు చేసుకోవచ్చు. మా వైపు చానామంది చేసుకున్నారు, పదేళ్లుగా వాడుతున్నవాళ్లూ ఉన్నారు. కానీ పాత సామాను మనిషిని రెండు రకాలుగా ముంచుతుంది. తెలియకుండా కొంటే జేబుకు చిల్లు. ఆ సామాను ఎక్కడినుంచి వచ్చిందో అడగకుండా కొంటే పంటకే చిల్లు. స్టాండు మీద మిగిలే నాలుగు వేలు ఒక్క పంట పోతే ఎన్నో వంతు అవుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. అందుకే ఈ వ్యాసంలో సగం ఎట్లా కొనాలో, సగం ఏది కొనకూడదో.

*ముందు కాగితం, తర్వాత అంగడి*

కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు గుజరీ అంటాము. హోసూరు, కృష్ణగిరి వాళ్లకు అది పాత ఇరుంబు కడ. జాల్నా, నాందేడు వైపు ఉన్న మనవాళ్లు భంగార్ అంటారు. పేరు ఏదైనా అక్కడ జరిగేది ఒకటే: పోయినవాడికి ఏం కావాలో తెలియకపోతే, అంగడివాడికి ఏం అమ్ముడుపోవడం లేదో అది మన బండిలోకి ఎక్కుతుంది.

కాబట్టి ముందు స్టాండును కాగితం మీద ముక్కలు ముక్కలుగా రాసుకోండి. ఇక్కడ ఒక చిన్న సంగతి. కొత్త యాంగ్లర్ నిడివిని అందరూ 20 అడుగులు అంటారు. నిజానికి చాలావరకు 6 మీటర్లే వస్తుంది, అంటే 19 అడుగుల 8 అంగుళాలు. స్టాండు వెడల్పు సరిగ్గా 5 అడుగులు పెట్టుకుంటే ఒక నిడివికి మూడు ముక్కలే వస్తాయి, నాలుగోది నాలుగంగుళాలు తక్కువై పక్కన పడుతుంది. అదే వెడల్పు 4 అడుగుల 10 అంగుళాలు పెట్టుకోండి, నాలుగు ముక్కలు వస్తాయి. పురుగులకు ఆ రెండంగుళాలు లెక్క కాదు. ఇరుపక్కలనుంచీ మేత వేసేవాళ్ల చెయ్యి నడుమ దాకా అందడానికి కూడా ఆ వెడల్పే మేలు.

కాళ్లు కూడా అంతే. 7 అడుగులు పెడితే ఒక నిడివికి రెండే కాళ్లు, మిగతాది ముక్క. 6 అడుగుల 6 అంగుళాలు పెడితే సరిగ్గా మూడు కాళ్లు. నేలనుంచి అడుగుంపావు ఎత్తులో మొదటి అర, అక్కడినుంచి రెండేసి అడుగులకు ఒక అర చొప్పున మూడు అరలు ఆ ఎత్తులో హాయిగా పడతాయి.

ఇప్పుడు రెండు స్టాండ్లకు లెక్క వేద్దాం. ఒక్కోటి ఒక నిడివి పొడవు, మూడు అరలు, సుమారు ఐదడుగులకు ఒక జత కాళ్లు. అంటే స్టాండుకు పది కాళ్లు, రెండింటికి ఇరవై. అడ్డం ముక్కలు స్టాండుకు 15, రెండింటికి 30. పొడుగు పట్టీలు అరకు రెండు చొప్పున మొత్తం 12, వీటిని కోసే పనే లేదు. కాళ్లకు 35 బై 35 బై 5 యాంగ్లర్, మీటరుకు 2.6 కిలోలు. మిగతావాటికి 25 బై 25 బై 3 చాలు, మీటరుకు 1.1 కిలో. అంతా కొత్తది తీసుకుంటే కాళ్లకు 7 నిడివులు, అడ్డాలకు 8, పొడుగులకు 12. బరువు వరుసగా 109, 53, 79 కిలోలు. మొత్తం 241 కిలోలు.

ఏ సైజు యాంగ్లర్‌కైనా బరువు లెక్క మీరే కట్టుకోవచ్చు. రెండు రెక్కల వెడల్పులూ మిల్లీమీటర్లలో కూడండి, అందులోనుంచి మందం తీసేయండి, వచ్చినదాన్ని మందంతో గుణించి 0.00785తో గుణించండి. మీటరుకు కిలోలు వస్తాయి. కమ్మీకైతే మందాన్ని మందంతోనే గుణించి 162తో భాగించండి. 8 మిల్లీ కమ్మీ మీటరుకు 0.395 కిలో, 10 మిల్లీ 0.617. ఇది తెలిసినవాడిని కాటా దగ్గర మోసం చేయడం కష్టం.

రేట్లు ఊరికొకటి, నెలకొకటి. లెక్క కోసం కొత్త ఇనుము కిలో 60, గుజరీలో 42 అనుకుందాం. కొత్తదానికి పైన 18 శాతం జీఎస్టీ. అంతా కొత్తది తీసుకుంటే 17 వేలు దాటుతుంది. కాళ్లూ అడ్డాలూ గుజరీలో ముక్కలుగా ఏరుకుంటే కోత తరుగు ఉండదు కాబట్టి 152 కిలోలు చాలు, 6,384 రూపాయలు. పొడుగు పట్టీలు మాత్రం కొత్తవి, పన్నుతో కలిపి 5,600 లోపే. మొత్తం 12 వేలు. మిగిలింది 5 వేల పైచిలుకు.

పొడుగులు కొత్తవి ఎందుకంటే, గుజరీలో 20 అడుగుల నిటారు యాంగ్లర్ దొరకడం అరుదు, దొరికినా దానికి కొత్తదానికి దగ్గర రేటే అడుగుతారు. మనకు లాభం పొడుగులో లేదు, పొట్టిలో ఉంది. ఐదడుగులు, ఆరున్నర అడుగుల ముక్కలు పెద్ద పనులు చేసేవాళ్లకు పనికిరావు. షెడ్లు కట్టే కాంట్రాక్టరు వాటిని కన్నెత్తి చూడడు. మనకు కావలసింది సరిగ్గా అవే. గుజరీలో పోసిన పొట్టి ముక్కల కుప్ప ఉంటుందే, మొదట అక్కడికి పోండి.

*ఏ సామాను ఎక్కడ*

ఊళ్లోని చిన్న గుజరీలో సైకిళ్లు, డబ్బాలు, మోటారు బాడీలే ఎక్కువ. మనకు కావలసిన యాంగ్లర్, పైపు దొరికేది ఫ్యాక్టరీల పక్కన. బెంగళూరులో పీణ్య చుట్టుపక్కల, హోసూరులో సిప్కాట్ చుట్టుపక్కల పాత ఇనుము అంగళ్లు వరసగా ఉంటాయి. పెద్ద కంపెనీల లోపలికి పోయి అడిగితే లాభం లేదు, వాళ్ల తుక్కు అంతా కాంట్రాక్టరుకు టెండరులో పోతుంది. ఆ కాంట్రాక్టరు ఏరి పెట్టే యార్డు దగ్గరకు పోవాలి. ఇంకా మేలు, గేట్లూ గ్రిల్లులూ చేసే చిన్న వర్క్‌షాపులు. వాళ్ల దగ్గర కోయగా మిగిలిన ముక్కలు మూలన పడి ఉంటాయి. కొత్త ఇనుమే, తుప్పు కూడా పట్టి ఉండదు, చోటు ఖాళీ అయితే చాలు అనుకుంటారు. శనివారం సాయంత్రం కూలీలు ఇచ్చే టైములో పోతే బేరం సులువుగా తెగుతుందని మా వైపు ఒక నమ్మకం, అందులో కొంత నిజం లేకపోలేదు.

జాల్నా వాళ్లకు ఈ కష్టం తక్కువ. కమ్మీలు తీసే మిల్లులూ పట్టుగూళ్ల మార్కెట్టూ ఒకే ఊళ్లో ఉన్నాయి.

మనకు బాగా పనికొచ్చే ఇంకో సరుకు రంధ్రాల యాంగ్లర్. గోడౌన్లు, మందుల అంగళ్లు, ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు పాత ర్యాకులు బయటికి వస్తాయి. వెల్డింగ్ అవసరం లేదు, నట్టూ బోల్టూ బిగించుకోవడమే. పంట అయిపోయాక విప్పి, బయట ఎండలో పరిచి కడుక్కోవచ్చు. వ్యాధి వచ్చిన షెడ్డును శుద్ధి చేసినవాళ్లకు తెలుస్తుంది, విప్పడానికి వచ్చే స్టాండు విలువ. తీసుకునేటప్పుడు మందం చూడండి. 14 గేజి అంటే 2 మిల్లీ, 16 గేజి 1.6, 18 గేజి 1.2. గేజి నంబరు పెరిగేకొద్దీ రేకు పలచన, ఇది తిరగేసి గుర్తుపెట్టుకునేవాళ్లు చానామంది. కాళ్లకు 14 గేజి కావాలి. 18 గేజి పుస్తకాలు పెట్టుకోను బాగుంటాది, కొమ్మలు వేయను కాదు.

చతురపు పైపుల్లో 'సెకండ్స్' అని అమ్ముతారు, మిల్లులో వంకర వచ్చినవో అతుకు సరిగా పడనివో. అడ్డం ముక్కలకు పరవాలేదు. అతుకు గీత పొడుగునా పగుళ్లు ఉన్నాయేమో గోటితో రుద్ది చూడండి. పైపును నేలకు తట్టితే లోపల మట్టి రాలుతుందా చూడండి. మట్టి నిండిన పైపును కూడా ఇనుము రేటుకే తూస్తారు.

తుప్పు సంగతి. పైపైన ఎర్రగా ఉన్న తుప్పుకు భయపడొద్దు, వైర్ బ్రష్‌తో పోతుంది. పొరలు పొరలుగా లేస్తున్నదైతే వదిలేయండి. నమ్మకంగా తెలుసుకోవాలంటే ఆకు తూచే తక్కెడ మీ వెంట తీసుకుపోండి. ఆరున్నర అడుగుల 35 బై 5 కాలు ముక్క కొత్తదైతే 5 కిలోల పైన తూగాలి. 4 కిలోలే తూగిందంటే అయిదో వంతు తుప్పు తినేసింది. వాడు కిలో లెక్కన అమ్ముతాడు కాబట్టి వాడికి నష్టం లేదు, బలం పోయిన కాలు మనకు వస్తుంది.

పాత కాడి, పాత నాగలి పక్కనే పడి ఉన్న పోత ఇనుము ముక్కలు చవకగా వస్తాయని తేవొద్దు. మామూలు వెల్డింగ్ రాడ్డుకు పోత ఇనుము అతకదు, అతికినట్టు కనిపించి పక్కన పగులుతుంది. రైలు పట్టా ముక్కలు, రైల్వే సామాను అసలే వద్దు. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద ఆ సామాను మన దగ్గర దొరికితే అది ఎట్లా వచ్చిందో చెప్పుకోవాల్సింది మనమే. కరెంటు టవరు యాంగ్లర్లు, వాటి మీద అచ్చు గుర్తులు ఉంటాయి, అవీ అంతే. ఎంత చిన్న అంగడైనా ఒక చీటీ రాయించుకోండి.

సబ్సిడీ అనుకునేవాళ్లకు ఒక మాట ఇక్కడే. పురుగుల ఇంటికో సామానుకో శాఖనుంచి సాయం తీసుకోవాలనుకుంటే, పని మొదలు పెట్టకముందే మీ ఫారం ఆఫీసులో అడగండి. కొలతలు ఏం ఉండాలి, బిల్లు కావాలా, పాత సామాను ఒప్పుకుంటారా అని. గుజరీ చీటీని జీఎస్టీ బిల్లుగా ఎవరూ ఒప్పుకోరు. 5 వేలు మిగిలిందని సంతోషపడి అంతకు పది రెట్ల సాయం పోగొట్టుకోవడం తెలివి కాదు.

*ఆ సామాను ముందు ఎవరి తోటలో ఉండె?*

ఇప్పుడు అసలు విషయం. మనం మేపేది కూడా పురుగునే. తోటల్లో పురుగును చంపడానికి కొట్టే మందు మన పురుగును వదలదు. మిగతా రైతులకు గుజరీ సామాను అంటే ఇనుమే. మనకు మాత్రం దాని మీద ఏముందో కూడా సామానే.

మా వైపు పాత సామాను ఎక్కువగా వచ్చేది మూడు చోట్లనుంచి. ఒకటి, చిక్కబళ్లాపురం వైపు తీసేసిన ద్రాక్ష పందిళ్లు. రాతి కూసాలు, యాంగ్లర్లు, జీఐ తీగ. షెడ్డు స్తంభాలకు రాతి కూసం కంటే గట్టిది లేదు, తుప్పు లేదు, చెద లేదు. తీగ అరల మీద వల కింద లాగడానికి బాగుంటుంది. రెండు, టమాట తోటల నీలగిరి కట్టెలు. కోలారు జిల్లాలో పంట అయిపోయాక కట్టెలు కట్టలు కట్టలుగా అమ్ముతారు. మూడు, మూతబడిన పాలీహౌస్‌ల పైపులు, హోసూరు, దొడ్డబళ్లాపురం వైపు.

మూడూ మందు తాగినవే. ద్రాక్షకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం దగ్గరనుంచి రకరకాల మందులు పడి ఉంటాయి. టమాటకు వారం వారం కొట్టినవాళ్లు ఉన్నారు. పాలీహౌస్‌లో వాన కూడా పడదు, కొట్టిన మందు కొట్టినట్టే పైపు మీద ఉంటుంది.

రాయి, ఇనుము కడిగితే శుభ్రమవుతాయి. వేడినీళ్లలో చాకలి సోడా వేసి, కొబ్బరి పీచుతో రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, నాలుగు రోజులు ఎండలో పెట్టండి. కడిగిన నీళ్లు మల్బరీ తోటలోకి, బావి వైపు పోకుండా చూడండి. కట్టె అట్లా కాదు, మందును లోపలికి పీల్చుకుంటుంది. టమాట కట్టెలు పురుగుల షెడ్డులోకి రానేకూడదు. కంచెకు వాడుకోండి, పొయ్యికి కూడా వద్దు, ఆ పొగ షెడ్డు వైపు పోతుంది.

కడిగిన తర్వాత కూడా అనుమానం ఉంటే, తోటకు మందు కొట్టిన తర్వాత ఆకును ముందు పది పురుగులకు వేసి చూస్తాము కదా, అదే పద్ధతి. తడి ఆకును ఆ ఇనుము మీద గట్టిగా రుద్ది, ఆరనిచ్చి, పది పన్నెండు పురుగులకు వేరే తట్టలో వేయండి. తల ఎత్తి ఊపుతూ, ఆకుపచ్చని రసం కక్కుతూ, ఒళ్లు కుంచించుకుపోతే ఆ సామాను మీద మందు ఉందన్నట్టే. ఒక రోజు చూసి బాగున్నాయి కదా అని వదిలేయకుండా గూడు కట్టేదాకా ఆ పది పురుగులను గమనించండి. తక్కువ మోతాదు మందుకు పురుగు చావదు, మేత తగ్గి గూడు పలచబడుతుంది.

ఫ్యాక్టరీ సామాను మీద మందు ఉండదు, నూనె ఉంటుంది. ప్రెస్సులో బిళ్లలు కొట్టగా మిగిలిన జాలీ లాంటి రేకులు హోసూరులో, పీణ్యలో కుప్పలుగా దొరుకుతాయి. గాలి కంతలకు, కిటికీలకు వల వెనక అడ్డంగా వేస్తే ఎలుక, ఉడత రావు. కానీ అంచులు కత్తుల్లా ఉంటాయి, నూనె వాసన ఉంటుంది. అదే సోడా నీళ్లతో కడగండి, చేతికి తొడుగులు వేసుకోండి.

డ్రమ్ములు. లోపల ఏముండేదో తెలియని డ్రమ్ము ఇనుముదైనా ప్లాస్టిక్‌దైనా మన ఇంటికి తేవొద్దు. నీళ్ల తొట్టికి వద్దు, ఆకు తడపడానికి వద్దు. మూతబడిన ఇనుప డ్రమ్మును గ్రైండరుతోనో వెల్డింగ్‌తోనో కోయబోయి, లోపల మిగిలిన ఆవిరి పేలి ప్రాణాలు పోయిన సంగతులు ఎన్నో. ఖాళీగా ఉంది కదా అనుకున్న డ్రమ్మే పేలేది.

ఫ్యాక్టరీల చెక్క ప్యాలెట్లు ఆకు గదిలో నేల మీద వేసుకోను బాగుంటాయి, గాలి ఆడుతుంది, ఆకు వేడెక్కదు. విదేశాలనుంచి వచ్చిన ప్యాలెట్ల మీద గోధుమ కంకి గుర్తుతో ఒక ముద్ర ఉంటుంది. ముద్రలో ఇంగ్లీషులో హెచ్, టీ అక్షరాలు ఉంటే వేడితో శుద్ధి చేసింది, తీసుకోవచ్చు. ఎం, బీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది. అది వద్దు. ముద్ర లేకపోయినా, నూనె, రంగు మరకలు ఉన్నా వద్దు.

*కప్పు, కిటికీలు*

మలూరు వైపు, పాత ఊళ్లలో ఇళ్లు కూల్చినప్పుడు మంగళూరు పెంకులు వస్తాయి. ఐదో దశ పురుగుకు 24, 25 డిగ్రీల చల్లదనం కావాలి, రేకు కింద ఎండాకాలంలో అది కుదిరే పని కాదు. పెంకు మేలు. అయితే పెంకు చదరపు మీటరుకు సుమారు 40 కిలోలు, రేకు 4, 5 కిలోలే. రేకు కోసం వేసిన పలచని పైపుల మీద పెంకు వేస్తే కప్పు కూర్చుంటుంది. కప్పుకు ఇనుము ఎంత మందం ఉండాలో తెలిసిన మేస్త్రీని అడిగే కొనండి. స్టాండు మనమే చేసుకోవచ్చు, కప్పు విషయంలో చవక లెక్కలు వద్దు.

పాత రేకులు తెస్తే మేకుల కంతలు ఉంటాయి. మిట్ట మధ్యాహ్నం తలుపులు మూసి లోపల నిలబడి పైకి చూడండి. వెలుతురు చుక్క కనపడిన ప్రతి చోటా ఊజీ ఈగకు దారి ఉన్నట్టే. 1980లో బెంగాలు వైపునుంచి కర్ణాటకలోకి వచ్చిన ఈగ ఇంకా మనల్ని వదల్లేదు. పెంకుల కప్పుకైతే కింద వల గానీ సీలింగు గానీ తప్పదు. పాత కిటికీలు, తలుపులు కొనండి, వల మాత్రం కొత్తది వేయండి. పాత ఆస్బెస్టాస్ రేకులు ఎంత చవకకు వచ్చినా తేవొద్దు. కోసినప్పుడు, విరిగినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే ఉండిపోతుంది, జబ్బు ఇరవై ముప్పై ఏళ్లకు బయటపడుతుంది.

*బండి, కూలి*

మిగిలే 5 వేలు మిగలకుండా పోయేది ఈ రెండు చోట్లే. ఇనుము కోసమే ఒక టెంపో మాట్లాడుకుంటే మిగులులో సగం డీజిలు తాగేస్తుంది. రామనగరానికో శిడ్లఘట్టకో గూళ్లు తీసుకుపోయిన బండి తిరిగి ఖాళీగానే వస్తుంది కదా. రామనగరంనుంచి వచ్చేది బెంగళూరు దాటుకునే రావాలి. ముందు వారమే పోయి సామాను చూసి, ఏరి పక్కన పెట్టించి, అడ్వాన్సు ఇచ్చి రండి. గూళ్లు అమ్మిన రోజు ఎక్కించుకుని రండి. ఇద్దరు ముగ్గురు రైతులు కలిస్తే బండి కిరాయి ఇంకా పలచబడుతుంది. మళ్లీ గూళ్లు ఎక్కించే ముందు ఆ బండిని కడిగించండి.

కూలి సంగతి. కొత్త ఇనుముకైతే వెల్డింగ్‌వాళ్లు కిలో లెక్కన అడుగుతారు. అవసరం లేని చోట మందపు ఇనుము వేస్తే రెండుసార్లు నష్టం, ఇనుముకూ కూలికీ. పాత ఇనుముకు వాళ్లు కిలో లెక్క ఒప్పుకోరు, దినం కూలి అడుగుతారు. తప్పు పట్టలేము, వంకర తీయడానికి, తుప్పు గీకడానికి సగం రోజు పోతుంది. ఆ పని మీరు చేసి పెట్టండి. కొలతకు కోసి, గీకి, కాళ్లు ఒక చోట, అడ్డాలు ఒక చోట పేర్చి పెడితే వెల్డర్ వచ్చిన రోజు అతికే పని ఒక్కటే ఉంటుంది. వెల్డింగ్ మిషను కిరాయికి తెచ్చి మీరే చేసుకునేట్టయితే 6013 రాడ్లు, 3 మిల్లీ యాంగ్లర్‌కు 12 నంబరు, 5 మిల్లీకి 10 నంబరు. వానాకాలంలో చెమ్మ పట్టిన రాడ్లు చిటపటలాడతాయి, ఎండలో పెట్టి వాడండి.

జీఐ పైపును వెల్డ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది, అది జింకు. పీల్చితే సాయంత్రానికి చలీ జ్వరం పట్టుకుంటాయి. అతుకు చుట్టూ రెండంగుళాల మేర పూత గీకేసి, ఆరుబయట గాలికి వెనక్కి తిరిగి చేయండి. వీలైతే జీఐకి బోల్టులే మేలు. ముఖానికి అద్దం, గ్రైండరుకు గార్డు, ఈ రెండూ కొత్తవి కొనండి. షెడ్డు లోపల ఎండు కొమ్మలు, నైలాన్ వల ఉండగా వెల్డింగ్ పెట్టుకోవద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు.

చీమలకు స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడతాము. ఇనుప కాలు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటే రెండేళ్లలో అడుగు తినేస్తుంది. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క ఎవరి కట్టడం దగ్గరైనా ఊరికే దొరుకుతుంది. అరడుగు ముక్కలో కాలు నిలబెట్టి సిమెంటు కాంక్రీటు పోయండి. గిన్నె నీళ్లు పీవీసీకి తగులుతాయి, ఇనుముకు కాదు. ఇరవై కాళ్లకు అర మూట సిమెంటు కూడా పట్టదు.

రెడ్ ఆక్సైడ్ ఒక పూత, పైన ఎనామెల్ రెండు పూతలు తప్పనిసరి. బ్లీచింగ్ పౌడరు, క్లోరిన్ డయాక్సైడ్ లాంటి శుద్ధి మందులు రంగు లేని ఇనుమును త్వరగా తినేస్తాయి. మందు గడువు పూర్తయ్యాక స్టాండ్లను మంచినీళ్లతో తుడిస్తే రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది. పాత ఇనుము మీదున్న పాత రంగును గ్రైండరుతో గీకేటప్పుడు ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు. షెడ్డుకూ తోటకూ దూరంగా, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కింద పట్టా పరిచి చేయండి. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వద్దు.

రంగు వాసన పూర్తిగా పోయేదాకా పురుగులు తేవొద్దు. కనీసం మూడు వారాలు తలుపులూ కిటికీలూ తెరిచిపెట్టండి. కాబట్టి చాకీ సెంటర్లో పురుగులకు చెప్పేది రంగు ఆరిన తర్వాతే. ఈ పనికి మంచి అదను రెండు పంటల మధ్య, తోట కొట్టి చిగురు వచ్చేదాకా ఉండే రోజులు.

మీ వైపు పాత యాంగ్లర్, రంధ్రాల యాంగ్లర్, రాతి కూసాలు ఏ రేటుకు దొరుకుతున్నాయో ఊరి పేరుతో సహా గ్రూపులో రాయండి. వచ్చినవన్నీ కలిపి వచ్చే నెల సంచికలో వేస్తాము. హోసూరు, ధర్మపురి వాళ్లు తప్పకుండా రాయాలని మనవి, అటు వైపు రేట్లు మాకు తక్కువగా అందుతున్నాయి.